విషాద నాటకం వేసే పిల్లలకి: ముగింపు ముందే చెప్పెయ్యండి

ఈసారి శ్రీరామనవమి పందిట్లో నవ్వుల నాటిక వద్దు, ఏడిపించే నాటకం వేద్దామని మా కాలనీ పిల్లలు ఎనిమిది మంది మా ఇంటికొచ్చారు. ముప్పయ్యేళ్ళు ఈ టెల్కో కాలనీలో ఉండి, షిఫ్టు డ్యూటీల మధ్య దొరికిన రాత్రుళ్ళలో నాటకాలు ఆడించినవాణ్ణి కనక సలహాలు అడిగారు. చెప్పాను. నాలుగు చెప్పేసరికి వాళ్ళలో ఒకమ్మాయి, బయట ఎక్కడో నటనలో శిక్షణ తీసుకుని వచ్చిన పిల్ల, "మావయ్యగారూ, మీరు చెప్పేవన్నీ చెయ్యకూడదని మాకు నేర్పారండీ" అంది. అవే చెయ్యాలని నా నమ్మకం. ఆ సాయంత్రం నోటితో అన్నవి గాలికి పోకుండా ఇక్కడ రాసి పెడుతున్నాను.

నాటకం ఏదన్నది ముందు తేల్చుకోండి. సారంగధర వెయ్యండి. అంత బరువు మొయ్యలేమనుకుంటే హరిశ్చంద్రలో కాటిసీను ఒక్కటే వెయ్యండి. మూడోది వెతక్కండి. కొత్త కథ అసలే రాయకండి. ఏడవడానికి కొత్త కథ పనికిరాదు.

ఇక మొదటి సలహా. నాటకం ఎలా ముగుస్తుందో పందిరి గేటు దగ్గరే చెప్పెయ్యండి. బోర్డు మీద రాయండి, మైకులో తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పండి. ఈ రాత్రి సారంగధరుడి కాళ్ళూ చేతులూ నరికిస్తారు, నరికించేది కన్నతండ్రి, కుర్రాడు ఏ తప్పూ చెయ్యలేదు. ఇంతే. ఇది చెబితే ఇక కూర్చునేదెవరని ఆ అమ్మాయి అడిగింది. చెప్పకపోతేనే కూర్చోరు తల్లీ. మన పందిట్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కుటుంబాలతో పాటు ఒడియావాళ్ళు, బెంగాలీలు, భోజ్‌పురి మాట్లాడేవాళ్ళు, గోవింద్‌పూర్ నుంచి నడిచొచ్చే సంతాలీలు కూడా ఉంటారు. మన ఇళ్ళలోనే మూడో తరం పిల్లలకి పద్యం అర్థం కాదు. కథ దాచిపెడితే వీళ్ళంతా ఎవరు ఎవరికి ఏమవుతారో ఆరా తియ్యడంలోనే రాత్రంతా గడిపేస్తారు. చెప్పేస్తే ఆ పని ఉండదు. కళ్ళు మనుషుల మీద నిలుస్తాయి.

ఇది నేను కనిపెట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం 428లో ఏథెన్స్‌లో యూరిపిడీస్ 'హిప్పోలిటస్' ఆడించాడు. మొదలవుతూనే ఆఫ్రోడైటీ దేవత వచ్చి, ఈ కుర్రవాడు ఇవాళే చచ్చిపోతాడు, తండ్రి శాపమే వాణ్ణి చంపుతుంది అని మొత్తం చెప్పేసి వెళ్ళిపోతుంది. ఆ ఏడు మొదటి బహుమతి ఆ కవికే. కథ వింటే మీకు కొత్తగా ఉండదు. ఫీడ్రా తన సవతి కొడుకు మీద మనసు పడింది. వాడు ఛీ అన్నాడు. ఆవిడ వాడి మీద నింద రాసిన పలక ఒకటి చేతికి కట్టుకుని ఉరేసుకుంది. తండ్రి థీసియస్ ఆ పలక చదివాడు, ఇంకో మాట వినలేదు, శపించాడు. మనం ఇదే కథ రాజమహేంద్రవరంలో జరిగిందని చెప్పుకుంటాం. ఫీడ్రా చోట చిత్రాంగి, థీసియస్ చోట రాజరాజనరేంద్రుడు. పలక లేదు గాని పావురం ఉంది. అది ఎగిరి సవతి తల్లి మేడ మీద వాలింది, దాన్ని పట్టుకోవడానికి కుర్రాడు లోపలికి వెళ్ళాడు, అక్కడితో వాడి బతుకు అయిపోయింది. సారంగధర మెట్ట ఆ ఊళ్ళో ఇప్పటికీ ఉంది.

పాత కథల్లో సిద్ధుడొకడు వచ్చి తెగిన కాళ్ళూ చేతులూ మళ్ళీ తెప్పిస్తాడు. బళ్ళారిలో ప్లీడరీ చేస్తూ నాటకాలు రాసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ఆ దారి వదిలేశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకమని ఆయనదే చెబుతారు. పేరేమిటో చూడండి: 'విషాద సారంగధర'. గోడ మీద కాగితం చదివినవాడికి ముగింపు అక్కడే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో నాటకం మంగళాంతం కావాలని పట్టుబట్టే పండితుల మధ్య ఆయన ఆ మాటని పేరుకి ముందు తగిలించారు. మీరు బోర్డు మీద రాయడానికి సిగ్గుపడటం దేనికి?

ఒక ఏడు మేము సారంగధర ఆడుతుంటే, తండ్రి తలారిని పిలిచే చోట, ముందు వరసలో చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ లేచి నిలబడింది. శ్రీకాకుళం మనిషి. "ఆ బిడ్డ పావురం కోసమే ఎల్లినాడు, ఇనుకోరా రాజా!" అని గట్టిగా అరిచింది. రాజు వేషం కట్టినవాడు ఒక్క క్షణం ఆవిడ వైపు చూసి, తల తిప్పుకుని, తలారికి సైగ చేశాడు. పందిరంతా అట్టుడికిపోయింది. ఆవిడకి కథ చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలుసు గనకే లేచింది. తెలియనిదయితే ఏమవుతుందోనని నోరు తెరుచుకుని కూర్చునేది.

దీపాలు ఆర్పకండి. పందిట్లో ట్యూబులైట్లన్నీ వెలగనివ్వండి. గ్రీకులు పట్టపగలు ఆడేవారు, అక్రోపొలిస్ కొండ వాలు మీద జనం వంపుగా కూర్చునేవారు, నటుణ్ణి చూస్తూనే ఎదుటి వైపు కూర్చున్న పొరుగువాడి మొహమూ చూసేవారు. చీకట్లో ఎవడి ఏడుపు వాడిది. వెలుతురులో మా సెక్షన్‌లో పనిచేసిన మొరటు మనిషి భుజం మీద తువ్వాలుతో కళ్ళు ఒత్తుకోవడం నేను చూశాను. ఆ మర్నాటి నుంచి ఆయనతో మాట్లాడే తీరే మారింది నాకు.

తినేవాళ్ళని తిననివ్వండి. ముఢీ (మరమరాల) పొట్లాలూ, వేరుశనక్కాయలూ గేటు దగ్గర ఆపకండి. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో ఒక మాట రాశాడు: నటులు బాగా చెయ్యనప్పుడే జనం మిఠాయిలు ఎక్కువగా తింటారట. ఇంతకన్నా మంచి కొలబద్ద మీకు దొరకదు. పొట్లాల చప్పుడు ఎక్కడ పెరిగిందో ప్రాంప్టరు తన పుస్తకంలో గీత పెట్టుకోవాలి. మర్నాడు రిహార్సల్లో ఆ చోటే బాగుచెయ్యాలి. తిండి నిషేధిస్తే ఆ సంగతి మీకెవరు చెబుతారు?

పద్యం కాగితం మీంచి నేర్చుకోకండి. మీలో చాలామందికి తెలుగు చదవడం రాదు, హిందీ అక్షరాల్లో రాసుకుంటున్నారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. అయితే ఒక చిక్కుంది. హిందీ రాతలో పొట్టి 'ఎ' లేదు, పొట్టి 'ఒ' లేదు, 'ళ' వాడరు. 'ఎడమ' రాస్తే 'ఏడమ' అవుతుంది, 'ఒడి' కాస్తా 'ఓడి' అవుతుంది. లఘువు ఉండాల్సిన చోట గురువొచ్చి కూర్చుంటుంది, పద్యం కుంటుతుంది, హార్మోనిస్టు తల పట్టుకుంటాడు. గ్రీకు పద్యం కూడా మనలాగే పొడుగు అక్షరం, పొట్టి అక్షరం లెక్క మీద నడిచేది. వాళ్ళ కోరస్‌లో పాడి ఆడినవాళ్ళు వృత్తి నటులు కారు, మీలాంటి మామూలు పౌరులు. నెలల తరబడి గురువు నోటి వెంట వల్లించి నేర్చుకున్నారు. మీరూ చెవితో నేర్చుకోండి. ఇంట్లో అమ్మమ్మ ఉంటే ఆవిడ దగ్గర, లేకపోతే డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర రికార్డింగులు పెట్టుకుని. ప్రాంప్టరుని వింగు చాటున దాచకండి, హార్మోనియం పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. జనానికి కనపడితే కనపడనివ్వండి. ఆధారం ఉందని తెలిసినవాడి గొంతు వణకదు.

వన్స్ మోర్ అంటే ఆగండి. ఆగి మళ్ళీ పాడండి. దీని మీద నాకూ చదువుకున్న స్నేహితులకూ ఏళ్ళ తరబడి వాదం నడిచింది. పాము కరిచి చచ్చిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి ఏడుస్తుంటే, చప్పట్లు కొట్టి మళ్ళీ పాడమనడం అనాగరికమని వాళ్ళంటారు. సన్నివేశం చెడిపోతుందంటారు. మన పల్లెల్లో చావు జరిగిన ఇంట్లో ఆడవాళ్ళు శోకాలు పెట్టడం మీరు విన్నారో లేదో. ఒకే మాటని పదిసార్లు, పాతికసార్లు తిప్పి తిప్పి అంటారు. కొత్తగా గుమ్మం ఎక్కిన ప్రతి చుట్టం కోసం మళ్ళీ మొదటికొస్తారు. వాళ్ళని ఎవరైనా, ఒకసారి అన్నావు కదా ఇక చాలు అంటారా? గ్రీకు నాటకంలో కూడా నటుడొక వరస ఏడిస్తే కోరస్ ఇంకో వరస ఏడ్చే భాగాలుంటాయి. మాట ముందుకు కదలదు, అక్కడక్కడే తిరుగుతుంది. దుఃఖం నడక అది. రెండోసారి పాడినప్పుడు మొదటిసారి పాడినట్టు పాడకూడదు, అంతే నియమం. మొదటిసారి కొడుకు కోసం పాడితే రెండోసారి తన కోసం పాడాలి. మూడోసారి అడిగితే హార్మోనియం ఆపించి, నెమ్మదిగా, మాట్లాడుతున్నట్టుగా అనాలి. నాలుగోసారి ఎవరూ అడగరు. జాషువా శ్మశానవాటి పద్యాలు కాటిసీనులో హరిశ్చంద్రుడు ఎంతోకాలంగా పాడుతున్నాడు కదా. అవి ఆ నాటకం కోసం రాసినవి కాకపోయినా జనమే వాటిని అక్కడ నిలబెట్టుకున్నారు. మళ్ళీ మళ్ళీ అడిగి నిలబెట్టుకున్నారు.

ఒక పాత్ర ఒకడే వెయ్యాలన్న పట్టింపు మానండి. మన పద్యనాటకాల్లో ఒక రాత్రికి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులుంటారు. సభలో ఒకరు, వారణాసి వీధిలో ఒకరు, కాటిలో ఇంకొకరు. గ్రీకులది దీనికి తలకిందులు: మాట్లాడే పాత్రలు ఎన్నున్నా ముగ్గురే నటులు పంచుకునేవారు, ముసుగు మార్చుకుని రాణి దూతయ్యేది, దూత దేవుడయ్యేవాడు. మనం ఒక బాధకి ముగ్గురు మనుషులని పెట్టాం, వాళ్ళు ముగ్గురు మనుషుల్లో అందరి బాధా పెట్టారు. రెండు పద్ధతుల్లోనూ ఏడిచేది ఫలానావాడు అని గుర్తుండదు, ఏడుపే గుర్తుంటుంది. మీరు ఎనిమిది మందున్నారు. సారంగధరుడి వేషం కోసం ముగ్గురు అలిగి కూర్చున్నారని విన్నాను. ముగ్గురికీ ఇవ్వండి.

నటుడు ఏడవకూడదు. కన్నీళ్ళు తెప్పించుకోవడం సాధన చెయ్యకండి, గ్లిజరిన్ ముట్టుకోకండి. నమ్మకపోతే ఈ చైత్రంలో ఒకసారి సరైకేలా వెళ్ళి రండి, ఎంతో దూరం లేదు. చైత్ర పర్వంలో అక్కడి ఛౌ నృత్యం చూడండి. మొహానికి ముసుగు, ఆ ముసుగుకి ఒకటే చూపు, కన్ను ఆర్పదు, పెదవి కదలదు. మెడ కొంచెం వాలిస్తే చాలు, ఆ ముసుగు దిగులు పడుతుంది. ఏథెన్స్‌లోనూ అందరికీ ముసుగులే. వాళ్ళు ఆ నాటకాలు ఆడే డయొనీసియా పండగ కూడా వసంతంలోనే, ఇంచుమించు మన చైత్రం రోజుల్లో. మీకు ముసుగులు కట్టమని చెప్పను, మేకప్ మాత్రం దట్టంగా వేసుకుని మొహం కదలకుండా ఉంచడం అద్దం ముందు నేర్చుకోండి. ఏడిచే పని పందిట్లో కూర్చున్నవాళ్ళది. మీరు ముందే ఏడిచేస్తే వాళ్ళకేం మిగులుతుంది?

చంపడం చూపించకండి. ఈ ఒక్క సలహా మీద మీరందరూ గొడవపెట్టారు. ఎర్ర రంగు నీళ్ళు, రేకు కత్తి, అన్నీ సిద్ధం చేసుకున్నారట. పారబొయ్యండి. ఒక మనిషి వచ్చి చెప్పాలి. సోఫొక్లీస్ నాటకంలో ఈడిపస్ కళ్ళు పొడుచుకోవడం ఎవరూ చూడరు, లోపల్నుంచి ఒకడు వచ్చి చెబుతాడు. హిప్పోలిటస్ రథం బోల్తాపడటం, గుర్రాలు వాణ్ణి ఈడ్చుకుపోవడం, అంతా దూత నోటి మాటే. కొనఊపిరితో ఉన్న కొడుకుని తీసుకొచ్చేది ఆ తర్వాత.

ఆ దూత ఎలా ఉంటాడో ఈ కాలనీలో పెరిగినవాళ్ళకి నేర్పక్కర్లేదు. చాలా ఏళ్ళ కిందట ఒక పొద్దున్న, ఎనిమిది దాటి ఉంటుంది, మా వీధిలోకి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. మొగవాళ్ళు డ్యూటీలో ఉండే వేళ, అందుకని వీధంతా చూసింది. దిగాడు గాని సైకిలుకి స్టాండు వెయ్యలేదు. ఒక చేత్తో హ్యాండిలు పట్టుకునే నిలబడ్డాడు. రెండో చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. మా పక్కింటి వదినగారిది అది, పిడికి ఎర్రదారం చుట్టి ఉంటుంది గనక ఎవరికైనా తెలుస్తుంది. ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. ఆయన మొహం చూడలేదు. క్యారియర్ అందుకుని ఒకసారి పైకీ కిందకీ తూచినట్టు ఆడించింది. పొద్దున్న కట్టిచ్చినప్పటి బరువే ఉంది. డ్యూటీకి వెళ్ళే దారిలోనే రోడ్డు మీద అంతా అయిపోయిందని ఆవిడకి ఆ బరువు చెప్పింది. ఆయన నోరు తెరిచింది ఆ తర్వాత. ఆ రోడ్డు మీద ఏం జరిగిందో మా వీధిలో ఎవరం చూడలేదు. నాకు మాత్రం ఎప్పుడూ కనపడేది స్టాండు వెయ్యని ఆ సైకిలు.

కనక మీలో అందరికన్నా బాగా చేసేవాడికి సారంగధరుడి వేషం ఇవ్వకండి, రాజు వేషమూ ఇవ్వకండి. తలారి వేషం ఇవ్వండి. కొండ మీద పని ముగించుకుని తిరిగొచ్చి వాడు రాజుకి చెప్పాలి. రక్తం మరకలు వద్దు. చేతులు కడుక్కుని వచ్చినవాడిలా, తడి చేతులతో రావాలి. తుడుచుకోవడానికి గుడ్డ లేక చేతులు కొంచెం దూరంగా పట్టుకుని నిలబడాలి. మాట చివర రాజు కాళ్ళ దగ్గర నేల మీద నాలుగు చుక్కలు పడాలి. ఆ తర్వాత కావాలంటే కుర్రాణ్ణి చక్రాల బల్ల మీద తోసుకొచ్చి చూపించండి. గ్రీకులు కూడా లోపల జరిగిన దారుణాన్ని అలాంటి బల్ల మీదే బయటికి దొర్లించేవారు. 1945లో రైలింజన్ల కోసం మొదలై, 1954 నుంచి లారీలు చేస్తున్న ఊరు మనది. నాలుగు చక్రాలు కిర్రుమనకుండా బిగించే చెయ్యి మీ ఇళ్ళలోనే ఉంటుంది, మీ నాన్నల్ని అడగండి.

మీ సొంత దుఃఖాన్ని నాటకం చెయ్యకండి. 1989 మార్చి 3న ఈ ఊరు చూసిన అగ్నిప్రమాదం మీద నాటిక రాస్తామని ఒకప్పుడు కొందరు కుర్రాళ్ళొచ్చారు. వద్దన్నాను, ఇప్పుడూ వద్దనే అంటాను. నిజం చెప్పడానికి భయమా అని కోప్పడ్డారు. క్రీస్తుకు పూర్వం 494లో మిలీటస్ నగరాన్ని పర్షియన్లు నాశనం చేశారు. అది ఏథెన్స్‌వాళ్ళకి తోబుట్టువులాంటి ఊరు. ఫ్రినికస్ అనే కవి వెంటనే దాని మీద నాటకం కట్టాడు. చూసినవాళ్ళంతా ఘొల్లుమన్నారు. మన సొంత కష్టాన్ని మనకే గుర్తు చేశావని ఏథెన్స్ ఆయనకి వెయ్యి డ్రాక్మాలు జరిమానా వేసి, ఆ నాటకం ఇంకెవరూ ఆడకూడదని కట్టడి చేసింది. ఇది కవి నోరు నొక్కడమని చదువుకున్నవాళ్ళు అంటారు. నాకు ఏథెన్స్ చేసిందే న్యాయమనిపిస్తుంది. నిన్న కట్టిన పుండు పట్టీ ఇవాళ లాగితే వచ్చేది నాటకం ఏడుపు కాదు.

ఆ తర్వాత క్రీస్తుకు పూర్వం 472లో ఈస్కిలస్ 'పర్షియన్లు' ఆడించాడు. పర్షియన్లు ఓడిన సలామిస్ యుద్ధం జరిగి ఎనిమిదేళ్ళే అయింది. అందులో ఏడిచేది ఓడిపోయిన శత్రువు తల్లి. ఏథెన్స్ జనం కొండ వాలు మీద కూర్చుని, తమ ఊరు తగలబెట్టినవాడి తల్లి శోకం విన్నారు. దానికి మొదటి బహుమతి ఇచ్చారు. మీకు అంతగా ఈ కాలపు సంగతే కావాలంటే ఆ దారి పట్టండి. మీకు బొత్తిగా పడనివాడి ఇంట్లో చావు రాయండి. అది చేతకాకపోతే సారంగధర దగ్గరికే రండి.

విదూషకుణ్ణి తీసెయ్యకండి. ఇంకా చెప్పాలంటే శవం ఉన్న ఇంట్లోకే వాణ్ణి పంపండి. యూరిపిడీస్ నాటకం 'ఆల్కెస్టిస్', క్రీస్తుకు పూర్వం 438 నాటిది, మీరు తప్పకుండా తెలుసుకోవాలి. మొగుడి బదులు చావడానికి ఒప్పుకున్న ఇల్లాలు ఆల్కెస్టిస్. ఆవిడ పోయింది. ఇల్లంతా ఏడుస్తుంటే హెరాక్లీస్ చుట్టపుచూపుగా వచ్చాడు. సంగతి తెలియక సుష్టుగా తిని, తప్పతాగి, తలకి పూలదండ చుట్టుకుని పాటలు పాడాడు. నౌకరు కడుపు మండి నిజం చెప్పాడు. ఆ తాగుబోతే లేచి వెళ్ళి, మృత్యువుతో కుస్తీ పట్టి ఆవిణ్ణి తిరిగి తెచ్చాడు. మామూలుగా అక్కడ ఒక కవి మూడు విషాద నాటకాలు ఆడించి, నాలుగోదిగా సాటిర్ల అల్లరి నాటకం ఆడించేవాడు. ఆ నాలుగో చోట యూరిపిడీస్ ఈ నాటకం పెట్టాడు. ఒకే కూర్చోవడంలో ఏడుపూ నవ్వూ రెండూ జరిగేవి. విషాదమూ హాస్యమూ రాయగలిగేది ఒకే మనిషి అని సోక్రటీస్ వాదించినట్టు ప్లేటో రాశాడు. మనకి కాళ్ళకూరి నారాయణరావు గారున్నారు. 'వరవిక్రయం'లో నూతిలో పడి చచ్చిపోయిన కాళిందిని రాసిన కలమే సింగరాజు లింగరాజు పిసినారితనమూ రాసింది. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడినప్పుడు నవ్వినవాళ్ళ ఇళ్ళలోనే ముసలివాళ్ళకి కట్టబెట్టిన పసిపిల్లలుండి ఉంటారు.

హరిశ్చంద్రలో నక్షత్రకుడు ఆ పని చేస్తాడు. అప్పు తీర్చే దాకా వెంటబడి పీడిస్తాడు, జనం పడిపడి నవ్వుతారు. నవ్వుతూ నవ్వుతూ రాజు ఆలిని అమ్ముకునే దాకా వచ్చేస్తారు, అక్కడ గొంతు పట్టేస్తుంది. నక్షత్రకుడి వేషం చులకనగా చూసి చివరికి మిగిలినవాడికి ఇస్తున్నారు మీరు. తలారి తర్వాత అంత కష్టమైన వేషం అదే.

కాటిసీనే వెయ్యదలిస్తే మంగళసూత్రం గురించి ఒక మాట. పిల్లాడి శవంతో వచ్చిన చంద్రమతిని కాటికాపరి సుంకం కట్టమంటాడు. లేదంటుంది. మెళ్ళో తాళి ఉంది కదా అంటాడు. మొగుడికి తప్ప ఇంకెవరికీ కనపడని తాళి అది. ఎదురుగా ఉన్నది ఎవరో ఆవిడకి అప్పుడు తెలుస్తుంది. ఆనవాళ్ళు పట్టి గుర్తించే పద్ధతి అన్నిటిలోకీ నాసిరకమని అరిస్టాటిల్ రాశాడు. అంత పెద్దాయనతో నేను ఇక్కడ ఏకీభవించను. ఎవరికీ కనపడని ఆనవాలు ఆయన చూసిన నాటకాల్లో ఉండి ఉండదు. మీరు చెయ్యవలసింది: చంద్రమతి మెళ్ళో గిల్టు గొలుసు వెయ్యకండి. పసుపుతాడు కూడా వద్దు. మెడ ఖాళీగా ఉంచండి. కాటికాపరి ఏమీ లేని ఆ మెడ వైపు వేలు చూపించాలి. ఆవిడ చెయ్యి మెల్లగా అక్కడికి పోవాలి, లేని తాళిని పిడికిట్లో పట్టుకోవాలి. మేము ఒకసారి అలాగే చేశాం. వెనక వరసల్లో ఆడవాళ్ళ చేతులు వాళ్ళ మెడల మీదికి వెళ్ళాయి. దీపాలు వెలుగుతున్నాయి గనక చూడగలిగాను.

పోటీ పెడితే న్యాయనిర్ణేతలని పదిమందిని పెట్టండి, అందరూ చీటీలు వెయ్యాలి, అందులో అయిదు మాత్రం తీసి చూసి మిగిలినవి చూడకుండా చింపెయ్యండి. ఏథెన్స్‌లో కొన్ని చీటీలే తీసి ఫలితం చెప్పేవారు. సోఫొక్లీస్ 'ఈడిపస్' ఆడించిన ఏడు ఫిలొక్లీస్ చేతిలో ఓడిపోయాడట. అంతవాడే ఓడిపోయాక మీరు కప్పు రాలేదని మొహాలు మాడ్చుకోనక్కర్లేదు.

కాటిసీనులో చంద్రమతి కొడుకు లోహితాస్యుడి వేషానికి పిల్లాణ్ణి వెతికేటప్పుడు చలాకీ పిల్లాణ్ణి తీసుకోకండి. కదలకుండా పడుకోవడం నేర్పకండి. తొందరగా నిద్రపోయే అలవాటున్న అయిదారేళ్ళ పిల్లాడు కావాలి. సాయంత్రం బాగా ఆడించి, పెరుగన్నం పెట్టించి, పది గంటలకి చంద్రమతి ఒళ్ళో పడుకోబెట్టండి. నిజంగా నిద్రపోతాడు. వన్స్ మోర్ మూడుసార్లొచ్చినా, హార్మోనియం చెవి పక్కనే మోగినా లేవడు. ఆవిడ ఎత్తుకున్నప్పుడు వాడి చెయ్యి దానంతటది వేలాడుతుంది, ఆ వేలాడటం ఏ శిక్షణా నేర్పలేదు. దేవతలొచ్చి వాణ్ణి బతికించే చోట కూడా లేపకండి. శంఖం ఊది, పూలు చల్లి, తెర దించెయ్యండి. వాళ్ళమ్మ వింగులోనే కూర్చుని ఉండాలి. మొహం మీది రంగు నీళ్ళతో కడిగితే ఉలిక్కిపడి లేస్తాడు. కొబ్బరినూనె చిన్న సీసా, మెత్తటి పాత చీర ముక్క ముందే తెచ్చి హార్మోనియం పెట్టెలో పెట్టుకోండి.